సరుకులు అయిపోయాక కాదు, ఉండగానే వెళ్లండి

ప్రశ్న

అక్కా, మాది కోనసీమ. మా బావగారు వేసిన పిటిషన్ మీద మూడేళ్ల క్రితం గ్రీన్ కార్డులతో టెక్సాస్ వచ్చాం. అర్వింగ్‌లో ఉంటున్నాం. మా ఆయన గ్యాస్ స్టేషన్‌లో చేస్తారు, నేను ఒక డేకేర్‌లో. బాబు తొమ్మిదో క్లాసు, పాప నాలుగు. అత్తయ్యగారు మా దగ్గరే ఉంటారు. ఆవిడకు షుగరు.

ఐదు నెలల కిందట మా ఆయనకు నడుం పట్టేసి రెండు నెలలు పనికి వెళ్లలేకపోయారు. అప్పుడు క్రెడిట్ కార్డు మీద చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఈలోగా ఆయన పని గంటలూ తగ్గించారు. అద్దె, కారు, ఇన్సూరెన్సు కట్టేసరికి ఇరవయ్యో తారీఖు నుంచి సరుకులకు చేయి ఆడటం లేదు. నెలాఖరులో అన్నం, చారు, ఆవకాయ. పిల్లలకు గుడ్డు ఉడకబెట్టి మేమిద్దరం లేకుండా కానిచ్చేస్తున్నాం.

పోయిన నెల 28న తెల్లవారుజామున అత్తయ్యగారికి ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికాయి. పంచదార నీళ్లు పట్టిస్తే తేరుకున్నారు. ముందు రాత్రి 'ఆకలి లేదమ్మా' అని ఏమీ తినకుండా మాత్ర మాత్రం వేసుకుని పడుకున్నారని తర్వాత తెలిసింది.

మా డేకేర్‌లో తోటి టీచరు ఒక చర్చిలో సరుకులు ఉచితంగా ఇచ్చే ఫుడ్ ప్యాంట్రీ ఉందని, వెళ్లమని చెప్పింది. ఇంట్లో చెబితే అత్తయ్యగారు 'డొక్కా సీతమ్మగారి ఊరి పక్కన పుట్టినదాన్ని, పరాయి దేశంలో చేయి చాచమంటావా' అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మా ఆయన భయం వేరు. మా పోషణ బాధ్యత తనదని బావగారు కాగితాల మీద సంతకం పెట్టారు కదా, అది ఆయన మెడకు చుట్టుకుంటుందేమో, రేపు మా పౌరసత్వానికి అడ్డమేమో అని. నా సందేహాలు నాకున్నాయి. మాకంటే లేనివాళ్ల నోటి దగ్గరిది తీసుకున్నట్టు కాదా? ఆ డబ్బాల తిండి షుగరు మనిషికి పెట్టొచ్చా? ఏం చేయమంటారు?

ఒక చెల్లెలు, అర్వింగ్

జవాబు

అమ్మా,

మీ ఉత్తరం చదువుతూ 28వ తారీఖు దగ్గర ఆగిపోయాను. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు అత్తయ్యగారి మాత్రల సీసా తీసి పేరు చూడండి. గ్లిమెపిరైడ్, గ్లిపిజైడ్, గ్లైబ్యురైడ్ లాంటి పేరు ఉన్నా, ఆవిడ ఇన్సులిన్ తీసుకుంటున్నా, ఆ మందు మనిషి తిన్నదా లేదా అని చూడదు. షుగరును దించుకుంటూ పోతుంది. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే అయితే ఇలా పడిపోవడం అరుదు. కాబట్టి రేపే డాక్టరుకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పండి. 'ఇంట్లో నెలాఖరులో తిండి సరిపోవడం లేదు, రాత్రి తినకుండా మాత్ర వేసుకున్నారు' అనే ముక్క దాచకండి. అది విన్న డాక్టరు మందు మార్చవచ్చు, మోతాదు మార్చవచ్చు. మీ అంతట మీరు మాత్రను సగం చేయడం, మానేయడం వద్దు.

మళ్లీ చెమటలు, వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి, లేదా అర కప్పు పళ్లరసం. పదిహేను నిమిషాలు ఆగి మీటరు మీద చూసి, పెరగకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక ఇంత అన్నం పెట్టండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 911కి ఫోన్ చేయండి.

ఇది మీ ఒక్క ఇంటి కథ కాదని చెప్పడానికి ఒక లెక్క చెబుతాను. కాలిఫోర్నియాలో 2000 నుంచి 2008 దాకా ఆసుపత్రుల రికార్డులు తీసి చూశారు. షుగరు పడిపోయి ఆసుపత్రిలో చేరిన పేదవాళ్ల సంఖ్య నెల మొదటి వారంలో కంటే చివరి వారంలో 27 శాతం ఎక్కువ. చేతిలో డబ్బున్న వాళ్లలో ఈ తేడా కనిపించలేదు. జబ్బు అదే, మందులూ అవే. మారింది తారీఖు. డబ్బు అయిపోతుంది, తిండి తగ్గుతుంది, మాత్ర మాత్రం తగ్గదు. అత్తయ్యగారికి 28న జరిగింది సరిగ్గా ఇదే.

అందుకే నా సలహా మొదటే చెప్పేస్తున్నాను. ప్యాంట్రీకి వెళ్లండి. అదీ బియ్యం డబ్బా అడుగు కనబడ్డాక కాదు, నెల మొదటి వారంలో, చేతిలో ఇంకా డబ్బుండగానే వెళ్లండి. చాలామంది మనవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. ప్యాంట్రీ అంటే అన్నీ అయిపోయాక తట్టే ఆఖరి తలుపు అనుకుంటారు. అప్పటికే ఇంటి ఇల్లాలు నెల రోజులుగా అర్ధాకలితో ఉంటుంది, ఒకరి మందు ఆగిపోయి ఉంటుంది, కార్డు మీద వడ్డీ పెరిగి ఉంటుంది. మొదటి వారంలోనే పప్పులు, గుడ్లు, కూరగాయలు అక్కడ తెచ్చుకుంటే వాటికి పెట్టాల్సిన డబ్బు మూడో వారానికి మీ చేతిలో మిగులుతుంది. ప్యాంట్రీ ఇచ్చేది ఒక సంచీ సరుకులే. కానీ నెల పొడుగునా తిండి ఒక తీరుగా ఉండటానికి ఆ సంచీ ఊతం అవుతుంది. షుగరు మనిషికి కావలసింది కూడా ఆ తీరే.

ఈ మాట నేను పుస్తకాలు చూసి చెప్పడం లేదు. 2009 మాంద్యంలో మా ఆయన ఉద్యోగం పోయింది. ఏడు నెలలు ఇంట్లో ఉన్నారు. మా అపార్టుమెంటు ఎదురుగా ఉన్న చర్చిలో ప్రతి బుధవారం సరుకులు ఇచ్చేవారు. వంటగది కిటికీలోంచి ఆ లైను చూస్తూ నిలబడేదాన్ని, రోడ్డు మాత్రం దాటలేదు. పాలు బాబుకు ఉంచి నేను డికాక్షన్ తాగేదాన్ని. కూర వాళ్లిద్దరికీ వడ్డించి, మూకుడులో అన్నం కలుపుకుని తినేదాన్ని. మూకుడుకు అంటుకున్న పోపే నా కూర. ఆరో నెలలో రెండంతస్తుల మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయాను. హిమోగ్లోబిన్ 7.8 ఉంది. ఆ ఒక్క రాత్రికి వచ్చిన ఆసుపత్రి బిల్లుతో మా ఇంటికి ఏడాదికి పైగా సరుకులు వచ్చేవి. పరువు కాపాడుకున్నాననే అనుకున్నాను, అమ్మా. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోడ్డు దాటనందుకే బాధ. మీ ఉత్తరంలో 'మేమిద్దరం లేకుండా కానిచ్చేస్తున్నాం' అన్న వాక్యం చదివి నా మూకుడు గుర్తొచ్చింది. ఇలాంటి ఇళ్లలో పెద్దవాళ్లు మాడి పిల్లల కంచం నింపుతారు. పిల్లల మీద ఆ లోటు చివరికి గానీ కనబడదు. తల్లి మీద ముందే పడుతుంది, ఎవరికీ కనబడదు.

మీకంటే లేనివాళ్లది లాక్కున్నట్టు కాదా అన్నారు. డాక్టర్లు, పిల్లల క్లినిక్కులు ఇక్కడ రెండే రెండు ప్రశ్నలు అడుగుతారు. గడిచిన పన్నెండు నెలల్లో, మళ్లీ డబ్బు చేతికొచ్చేలోపు తిండి అయిపోతుందేమోనని బెంగపడ్డారా? కొన్నది చాలక, మళ్లీ కొనడానికి డబ్బు లేక ఇబ్బంది పడ్డారా? ఒక్కదానికి అవునన్నా ఆ ఇంటికి తిండి భరోసా లేదనే లెక్క. మీ ఉత్తరంలో రెండింటికీ జవాబుంది. 2023లో అమెరికా వ్యవసాయ శాఖ లెక్కలో ఇలాంటి ఇళ్లు 1.8 కోట్లు, అంటే దేశంలో 13.5 శాతం. అందులో ఉద్యోగాలు చేసుకునే వాళ్లు ఎందరో. నేను శనివారాలు పనిచేసే ప్యాంట్రీ లైనులో స్కూలు బస్సు నడిపే ఆవిడ వస్తుంది, వృద్ధుల హోమ్‌లో నైట్ డ్యూటీ చేసి యూనిఫారంతోనే నిలబడే అబ్బాయి వస్తాడు. మన విద్యార్థులూ వస్తారు, దూరంగా కారు ఆపుకుని, టోపీ కిందికి లాక్కుని.

ఈ సరుకులు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలిస్తే మీ మనసు ఇంకొంచెం తేలికపడుతుంది. 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ మొదలుపెట్టారు. ప్రపంచంలో మొదటి ఫుడ్ బ్యాంక్ అదే. పిల్లల్ని సాకడానికి దుకాణాల వెనక పారేసిన వాటిలో పనికొచ్చేవి ఏరుకునే ఒక తల్లి, 'వీటిని పారేసే బదులు బ్యాంకులా ఎక్కడన్నా దాస్తే, కావలసినవాళ్లు వచ్చి తీసుకుంటారు కదా' అందట. ఒక అమ్మ నోటి నుంచి పుట్టిన ఆలోచన అది. ఇప్పుడు ఫీడింగ్ అమెరికా అనే జాతీయ సంస్థ కింద దేశమంతటా దాదాపు 200 ఫుడ్ బ్యాంకులు ఉన్నాయి. ఫుడ్ బ్యాంక్ అంటే పెద్ద గోదాము. మీ వైపు నార్త్ టెక్సాస్ ఫుడ్ బ్యాంక్ ఉంది, దాని ప్రధాన కేంద్రం ప్లేనోలో. అక్కణ్ణుంచి చర్చిలకు, స్కూళ్లకు, కాలేజీలకు, పేటల్లో చిన్నచిన్న గదులకు సరుకు వెళుతుంది. మనం వెళ్లి తెచ్చుకునే ఆ చిన్న చోటే ప్యాంట్రీ. సూపర్ మార్కెట్లలో తేదీ దగ్గరపడినవి, రైతుల దగ్గర ఆకారం బాగోలేదని మిగిలిపోయిన కూరలు, ప్రభుత్వం కొని పంపే పప్పులు, డబ్బాలు, జనం ఇచ్చిన విరాళాలు అన్నీ అందులో ఉంటాయి. మంచి మనసుతో ఇచ్చిన తిండి వల్ల ఏదైనా జరిగితే ఇచ్చినవాళ్ల మీద కేసు పడకుండా 1996లో ఒక చట్టం కూడా చేశారు. అప్పటినుంచి దుకాణాలకు ఇవ్వడానికి జంకు తగ్గింది. క్యారెట్ల సంచీ మీరు తీసుకోకపోతే అది ఇంకో పేదింటికే వెళుతుందన్న గ్యారంటీ లేదు. శనివారం సాయంత్రం మిగిలిన మెత్తబడ్డ టమాటాలు నేనే చెత్తలో వేసిన రోజులున్నాయి.

ఇక మీ వారి భయం. ఇందులో ఆయన తప్పేమీ లేదు, మనవాళ్లలో ఈ పుకారు బాగా నలిగింది. బావగారు పెట్టిన సంతకం ప్రభుత్వం ఇచ్చే కొన్ని సాయాల విషయంలో లెక్కలోకి వస్తుంది. చర్చి, గుడి, గురుద్వారా, స్వచ్ఛంద సంస్థ నడిపే ప్యాంట్రీలో సరుకులు తీసుకున్నందుకు ఆయనకు ఏ బిల్లూ రాదు. ఆ అరల్లో ప్రభుత్వం కొని పంపిన సరుకు కొంత ఉన్నా సరే, దాన్ని ఆ లెక్కలో కలపరు. పౌరసత్వం దరఖాస్తులో పబ్లిక్ చార్జ్ అనే పరీక్షే, అంటే ప్రభుత్వ సాయం మీద బతికే మనిషా అని చూడటమే లేదు. 1996లోనే వచ్చిన మరో చట్టం, సంక్షేమ పథకాల చట్టం ప్రకారం స్వచ్ఛంద సంస్థలు మీ ఇమిగ్రేషన్ కాగితాలు తనిఖీ చేయనక్కర్లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు పేరు, జిప్ కోడ్, ఇంట్లో ఎంతమంది, ఆదాయం సుమారు ఎంత అని ఒక ఫారం నింపమంటారు. కొన్ని చోట్ల అడ్రసు కోసం కరెంటు బిల్లు చూస్తారు. ఉన్నది ఉన్నట్టు రాయండి, చాలు.

అత్తయ్యగారి మాట మాత్రం నన్ను కదిలించింది. సీతమ్మగారి ఊరు లంకల గన్నవరం పేరు వినగానే చేతులు జోడించే ఇంట్లోనే నేనూ పెరిగాను. ఆవిడకు నా మాటగా ఇది చెప్పండి. సీతమ్మగారి ఇంటికి వచ్చినవాళ్లు ఎవరు? గోదావరి పాయలు దాటి వెళ్లే బాటసారులు, వేళకాని వేళ రేవులో దిగినవాళ్లు, వరదకు కొట్టుకుపోయినవాళ్లు. ఆ పూటకు తిండి లేనివాళ్లు, అంతే. వాళ్లను ఆ తల్లి బిచ్చగాళ్లన్నదా? కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి విస్తరి వేసింది. అన్నదానం గొప్పదని మనం నమ్మితే, దాన్ని అందుకునే చేయి తక్కువదని ఎలా అంటాం? తినేవాళ్లు లేకపోతే పెట్టేవాళ్లకు ఆ పుణ్యం ఎక్కడిది? వాదనతో ఆవిడ మనసు మారకపోవచ్చు. వీలైతే ఒకసారి వెంట తీసుకెళ్లండి. మా ప్యాంట్రీకి ఒక పెద్దావిడ మూడు వారాలు కారులోనే కూర్చుంది. నాలుగో వారం దిగి వచ్చి, 'ఈ ఉల్లిపాయలు నేను ఏరనా' అని సైగతో అడిగింది. ఇప్పుడు ప్రతి శనివారం కుళ్లినవి తీసి మంచివి సంచుల్లో కట్టేది ఆవిడే. సంచీ తీసుకున్న చేత్తోనే సంచీ కట్టవచ్చు. ఇక్కడ ఎవరూ దానికి అడ్డు చెప్పరు.

లోపలికి వెళ్లాక ఎలా ఉంటుందో చెబుతాను, కొత్త భయం కొంత పోతుంది. కొన్ని చోట్ల ముందే కట్టిన పెట్టె కారు డిక్కీలో పెట్టేస్తారు. ఇంకొన్ని చోట్ల చిన్న దుకాణంలా అరలుంటాయి, తోపుడు బండి తీసుకుని మీకు కావలసినవి మీరే ఏరుకోవచ్చు. మీలాంటి ఇంటికి రెండోదే మేలు. బీఫ్, పోర్క్ ఉన్న డబ్బాలు వదిలేయవచ్చు, షుగరుకు పడేవి చూసుకోవచ్చు. ఫోన్ చేసినప్పుడే 'మేము ఎంచుకోవచ్చా' అని అడగండి. పెట్టె ఇచ్చే చోటైతే డిక్కీ మూసేలోపే మీరు తిననివి తిరిగి ఇచ్చేయండి, వాళ్లేమీ అనుకోరు. అరల మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గుర్తులు పెట్టే ప్యాంట్రీలు ఇప్పుడు పెరుగుతున్నాయి. ఉప్పు, చక్కెర, కొవ్వు తక్కువున్నవి ఆకుపచ్చ, ఎక్కువున్నవి ఎరుపు. ఇంగ్లీషు లేబులు చదవలేని అత్తయ్యగారు కూడా ఆ రంగు చూసి చేయి పెట్టగలరు.

ఇప్పుడు తిండి సంగతి. ఒకటి దాచకుండా చెప్పాలి. ప్యాంట్రీల్లో రొట్టెలు, కేకులు, తీపి బిస్కెట్లు ఎక్కువే ఉంటాయి, దుకాణాల్లో రోజూ మిగిలేవి అవే కాబట్టి. ప్యాంట్రీ తిండితో షుగరు తగ్గిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఓక్లండ్, డెట్రాయిట్, హ్యూస్టన్ ప్యాంట్రీల్లో 568 మంది షుగరు రోగులతో పెద్ద పరీక్ష చేసి 2018లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి షుగరుకు సరిపడే సరుకుల పెట్టెలు, పరీక్షలు, పాఠాలు అన్నీ వెంటనే ఇచ్చారు, మిగతావాళ్లకు తర్వాత. సరుకులు అందినవాళ్ల ఇళ్లలో తిండి భరోసా పెరిగింది, కూరలు, పళ్లు ఎక్కువ తిన్నారు. మూడు నెలల సగటు చెప్పే ఏ1సీ మాత్రం రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంది. నాకు ఆ ఫలితం నిరాశ కలిగించలేదు. సరుకుల పని సరుకులు చేశాయి, డాక్టరు చేయాల్సింది డాక్టరే చేయాలి. అందుకే రెండింటినీ కలిపే ప్రయత్నాలు నాకు ఎక్కువ నచ్చుతాయి. బోస్టన్ మెడికల్ సెంటర్‌లో 2001 నుంచి ఆసుపత్రి లోపలే ప్యాంట్రీ ఉంది. డాక్టరు మందుల చీటీతో పాటు తిండికి కూడా చీటీ రాస్తారు. కిందికి దిగి ఆ జబ్బుకు తగిన సరుకులు తీసుకుని ఇంటికి వెళ్లొచ్చు. మీ ఊళ్లోనూ ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉంటాయి. అత్తయ్యగారిని అక్కడ చూపిస్తుంటే, ఇలాంటిదేమైనా ఉందా అని తప్పకుండా అడగండి.

మనింటి వంటకు ఏవి పనికొస్తాయంటే, మీరు టెక్సాస్‌లో ఉన్నారు కనుక ముందు బ్లాక్ ఐడ్ పీస్ కోసం చూడండి. మన బొబ్బర్లే. ఎండువి దొరికితే రాత్రి నానబోసి, పొద్దున ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి గుగ్గిళ్లు చేయండి, అత్తయ్యగారికి అన్నం సగం తగ్గించినా కడుపు నిండుతుంది. డబ్బాలోవైతే చిల్లుల గిన్నెలో పోసి కుళాయి కింద బాగా కడగండి. అలా నీళ్లు వంచి కడిగితేనే ఉప్పు దాదాపు 40 శాతం పోతుంది. డబ్బాలోని శెనగలు, రాజ్మా, గ్రీన్ బీన్స్‌కూ ఇదే పద్ధతి. గ్రీన్ బీన్స్ మెత్తగా ఉంటాయి, వేపుడుకు రావు. కొబ్బరి, ఆవపిండి వేసి కూరగా చేస్తే బాగుంటాయి. కొలార్డ్ అనే ముదురు ఆకుకూర చూసి మన ఆడవాళ్లు మొహం తిప్పుకుంటారు. మధ్య ఈనె తీసేసి సన్నగా తరిగి, కందిపప్పుతో కుక్కరులో రెండు కూతలు ఎక్కువ పెట్టి, చింతపండు పిండి, వెల్లుల్లి పోపు పెట్టండి. తోటకూర పప్పంత మెత్తగా రాదు, కానీ పిల్లలు తింటారు. పంప్‌కిన్ డబ్బా దొరికితే దప్పళంలో వేసుకోవచ్చు. అది 'పంప్‌కిన్ పై మిక్స్' కాకుండా ఒట్టి పంప్‌కినే అని చూసుకోండి, మిక్స్‌లో చక్కెర కలుపుతారు. పీనట్ బటర్‌లో చక్కెర లేనిది దొరికితే వంకాయ కూరలో పల్లీల పొడికి బదులు రెండు చెంచాలు వేయండి. ఓట్లు, గ్రిట్స్ రెండూ ఉప్మాకు వస్తాయి. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ, అది పిల్లలకు పెట్టి అత్తయ్యగారికి ఓట్లు ఉంచండి. రీఫ్రైడ్ బీన్స్ డబ్బా మీద లార్డ్ అని ఉంటే పంది కొవ్వు, మీకు పట్టింపు ఉంటే వదిలేయండి. పళ్ల డబ్బా తీసుకుంటే సిరప్‌లో వేసినవి కాకుండా జ్యూస్‌లోవో నీళ్లలోవో చూసి తీసుకోండి. బంగాళాదుంపల పెద్ద సంచీ ఇస్తారు. అది మీ బాబుకు వరం, అత్తయ్యగారి కంచంలో మాత్రం రోజూ వద్దు.

డబ్బా మీద బెస్ట్ బై తేదీ దాటిందని భయపడి పారేయకండి. పసిపిల్లల పాలపొడికి తప్ప మిగతావాటికి ఆ తేదీ రుచి గురించి చెప్పేదే గానీ విషమైపోయిందని కాదు. ఉబ్బిన డబ్బా, కారుతున్న డబ్బా, అంచు దగ్గర లోతుగా సొట్టపడినది మాత్రం ఎంత కొత్తదైనా ఇంట్లోకి రానివ్వద్దు. లేబులు మీద సోడియం పక్కన శాతం ఉంటుంది. 5 లోపు ఉంటే తక్కువ, 20 దాటితే ఎక్కువ. మీ పాపకు ఆ రెండు అంకెలు నేర్పండి, నాలుగో క్లాసు పిల్ల సంతోషంగా చూసిపెడుతుంది.

ప్యాంట్రీ ఒక్కదానితో మీ నెల గట్టెక్కదు. నెలకు ఒకటి రెండుసార్లకు మించి రానివ్వని చోట్లు ఉంటాయి, కొన్ని వారాలు అరలు బోసిగా ఉంటాయి. ఫుడ్ బ్యాంకులన్నీ కలిపి ఒక పూట భోజనం పెడితే, సరుకులు కొనుక్కోవడానికి డబ్బిచ్చే ప్రభుత్వపు స్నాప్ పథకం తొమ్మిది పూటలు పెడుతుందని ఫీడింగ్ అమెరికా వాళ్లే చెబుతారు. గ్రీన్ కార్డు ఉన్న పెద్దవాళ్లకు స్నాప్ మామూలుగా ఐదేళ్ల తర్వాతే, కాబట్టి మీ ఇద్దరికీ ఇంకా రెండేళ్లు ఆగాలి. 18 ఏళ్లలోపు గ్రీన్ కార్డు పిల్లలకు ఆ ఐదేళ్ల గడువు లేదు. మీ పిల్లల పేరు మీద అడగవచ్చన్నమాట. బావగారి సంతకం ప్రశ్న నిజంగా వచ్చేది ఇక్కడ గనక, దరఖాస్తుకు ముందు ఒక ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో మాట్లాడండి. మీ వారికీ ధైర్యం వస్తుంది. స్కూల్లో ఉచిత భోజనం ఫారం మాత్రం ఈ వారమే నింపండి. దానికి ఇమిగ్రేషన్ అడగరు, పిల్లలిద్దరికీ పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం అక్కడే అయిపోతే ఇంట్లో గుడ్లు మీ ఇద్దరికీ మిగులుతాయి. ఈ దారులన్నీ ఒకేచోట చెప్పే నంబరు 211. మీ జిప్ కోడ్ చెబితే దగ్గర్లో ఏ ప్యాంట్రీ ఏ రోజు, ఎన్ని గంటలకు తెరుస్తుందో చెబుతారు. తెలుగు మాట్లాడే అనువాదకులు కావాలని అడగవచ్చు.

మన సంఘాల వాళ్లు, గుళ్ల వాళ్లు ఈ పేజీ చదువుతారు కాబట్టి వాళ్లకొక మాట. పండక్కి ఫుడ్ డ్రైవ్ పెట్టినప్పుడు ఇంట్లో ఏళ్లుగా పడి ఉన్న సూపు డబ్బాలు తెచ్చి పడేయకండి. కందిపప్పు, పెసరపప్పు, పసుపు, చింతపండు ఇవ్వండి. మా ప్యాంట్రీలో ఒకసారి ఎవరో పది ప్యాకెట్ల కందిపప్పు పెట్టి వెళ్లారు, ఆ రోజు పెట్టిన గంటలోపే ఆ అర ఖాళీ అయింది. తీసుకున్నవాళ్లలో ముగ్గురు తెలుగువాళ్లు. వాళ్లలో ఒకమ్మాయి ఆ ప్యాకెట్ గుండెకు హత్తుకుని నిలబడటం నాకింకా కళ్లలో ఉంది. మీ పక్క వీధిలోనే ఇలాంటి ఇల్లు ఉంది, మీకు తెలియదు అంతే.

అమ్మా, మీరు ఒకటో తారీఖు దాటాక వచ్చే మొదటి శనివారమే వెళ్లండి. గట్టి సంచులు నాలుగు, గుడ్లకూ పాలకూ ఐస్ ప్యాక్ వేసిన పెట్టె ఒకటి కారులో పెట్టుకోండి. లైను పెద్దది కావచ్చు, అత్తయ్యగారిని టిఫిను తిని మాత్ర వేసుకున్నాకే బయల్దేరదీయండి, దారిలోకి ఒక చిన్న జ్యూస్ డబ్బా మీ హ్యాండ్‌బ్యాగులో ఉంచండి. ఆ సాయంత్రం బొబ్బర్లు నానబోసేటప్పుడు మీ కోసం కూడా ఒక గుప్పెడు ఎక్కువ పోసుకోండి.

మీ అక్క